కారు లేదు, పిల్లలిద్దరు, బడి రెండున్నర కిలోమీటర్లు

ప్రశ్న: మేం హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. బాబుకు ఆరేళ్లు, జూన్‌లో ఒకటో తరగతి. పాపకు మూడున్నర, ఈసారే నర్సరీలో వేయాలి. బాబు బడి ఇంటికి రెండున్నర కిలోమీటర్లు. మావారు ఉదయం ఏడింటికే కంపెనీ బస్సు ఎక్కేస్తారు. నేను పదింటికి షాపులో ఉండాలి, ఇంటికొచ్చేసరికి ఆరు దాటుతుంది. నాకు స్కూటీ ఉంది. అత్తయ్య మాతోనే ఉంటారు, అరవై దాటాయి, నడక బాగానే ఉంది. ఇన్నాళ్లూ బాబును స్కూటీ ముందు నిలబెట్టుకుని దింపేదాన్ని, మధ్యాహ్నం ఆటోలో వచ్చేవాడు. ఆ ఆటోలో తొమ్మిదిమంది పిల్లలు, ఒక్కొక్కరికి నెలకు 1,200. పాపను కూడా అదే బడిలో వేస్తే ఇద్దర్నీ బండి మీద తీసుకెళ్లాలి, భయంగా ఉంది. సెకండ్‌హ్యాండ్ కారు కొనమని మా అన్నయ్య అంటున్నాడు, మూడు లక్షలు అప్పు చేయాలి. ఇంటికి 700 మీటర్లలో చిన్న నర్సరీ ఒకటుంది గానీ, ఇద్దర్నీ పెద్ద స్కూల్లోనే వేయమని అందరూ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: కారు కొనకండి. పాపను దగ్గరి నర్సరీలో వేయండి. బాబు ఆటో సంగతి ఈ వేసవిలోనే తేల్చుకోండి. స్కూటీ మీద ఎప్పుడూ ఒక్క బిడ్డే, అదీ వెనక సీటులోనే.

కారు ఎందుకు వద్దంటున్నామో ముందు చెప్తాం. మూడు లక్షలు 12 శాతం వడ్డీకి తీసుకుని నాలుగేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 7,900 కట్టాలి. పెట్రోలు, ఇన్సూరెన్సు, రిపేర్లు దానికి అదనం. ఇంత ఖర్చు పెట్టినా మధ్యాహ్నం పన్నెండున్నరకు నర్సరీ వదిలితే పాపను తెచ్చేదెవరు? మీరు షాపులో, ఆయన ఆఫీసులో ఉంటారు. అత్తయ్యగారు కారు నడపరు. మీకున్న చిక్కు బండి లేకపోవడం వల్ల వచ్చింది కాదు. ఇద్దరు పిల్లల వేళలు వేరు, ఇంట్లో ఖాళీగా ఉండే పెద్దవాళ్ల వేళలు వేరు. కాబట్టి ఇద్దరి ప్రయాణాన్నీ ఒకటిగా కట్టకండి. పొద్దున వెళ్లడం, మధ్యాహ్నం రావడం కూడా విడివిడిగానే చూడండి.

పాప సంగతి. మూడున్నరేళ్ల బిడ్డకు మంచి నర్సరీ ఏదంటే, ఇంట్లో ఉన్న మనిషి నడిచి వెళ్లి పావుగంటలో చేరుకోగలిగింది. జ్వరం వచ్చిందని ఫోన్ వస్తే, వర్షానికి ముందే వదిలేస్తే, మొదటి వారం ఏడుపు ఆపకపోతే ఈ దగ్గరతనమే ఆదుకుంటుంది. పెద్ద స్కూలు బిల్డింగు ఆ వయసులో ఏమీ ఇవ్వదు. విద్యాహక్కు చట్టం నిబంధనలు కూడా ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు బడి కిలోమీటరు నడకలో ఉండాలనే అంటున్నాయి. నర్సరీ బిడ్డకు అంతకన్నా దూరం ఎందుకు? ఆ చిన్న నర్సరీ మీకు నచ్చకపోతే మీ వీధి అంగన్‌వాడీని ఒకసారి వెళ్లి చూడండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడ పూర్వ ప్రాథమిక విద్య ఉచితం.

700 మీటర్లు పెద్దవాళ్లకు ఎనిమిది, పది నిమిషాలు. మూడున్నరేళ్ల పిల్లకు ఇరవై నిమిషాలు పెట్టుకోండి. కుక్కపిల్లను చూస్తుంది, చెప్పు ఊడిపోతుంది, గేటు కనిపించగానే కూర్చుంటుంది. ఆ టైము ముందే లెక్కలో వేసుకోకపోతే రోజూ లాక్కెళ్లడం, రోజూ ఏడుపు. బడి తెరవడానికి వారం ముందు అదే వేళకు, అవే బూట్లతో రెండుసార్లు నడిపించి చూడండి. ఒకసారి మీరు, ఒకసారి అత్తయ్యగారు. ఆవిడ నడిచేది పన్నెండున్నర ఎండలో కాబట్టి ఆ ఎండలోనే చూడాలి. దూరం పది అడుగులు పెరిగినా సరే, నీడ ఉన్న వీధి, స్పీడు బ్రేకర్లున్న వీధి ఎంచుకోండి.

ఫుట్‌పాత్ లేనిచోట రోడ్డుకు కుడివైపున నడవాలి. అప్పుడు ఎదురొచ్చే బండి కంటికి కనిపిస్తుంది. ఎడమవైపు నడిస్తే బండి వెనక నుంచి వస్తుంది, పైగా మన వీధుల్లో ఆ పక్కనే కార్లు ఆపి ఉంటాయి, వాటిని దాటడానికి రోడ్డు మధ్యకు రావాల్సి వస్తుంది. పాప గోడ వైపు, పెద్దవాళ్లు బండ్ల వైపు. వేళ్లు పట్టుకుంటే చెమటకు జారిపోతాయి, మణికట్టు పట్టుకోమని అత్తయ్యగారికి చెప్పండి. వీధికుక్కలున్న మలుపులో చేతిలో బిస్కెట్ ప్యాకెట్ కనిపించకూడదు, పరుగెత్తకూడదు. నిలబడి, పాపను వెనక్కి తీసుకుని, నెమ్మదిగా పక్కకు జరగాలి.

మధ్యాహ్నం వచ్చేటప్పుడు మాత్రం పాప తప్పకుండా ఎత్తుకోమంటుంది. ఆ వయసు పిల్లలు 14 కిలోల దగ్గర ఉంటారు. అరవై దాటినావిడ ఆ బరువు మోస్తూ ఎగుడుదిగుడు రోడ్డు మీద నడిస్తే ఇద్దరూ పడతారు. రెండు పనులు చేయండి. బయల్దేరేముందు నర్సరీ గేటు దగ్గరే ఒక అరటిపండు తినిపించి, నీళ్లు తాగించమనండి. ఆ వేళ మారాం సగం ఆకలి వల్లే. రెండోది, అత్తయ్యగారి పర్సులో ఆటోకి వంద రూపాయల చిల్లర విడిగా ఉంచండి, అది కూరగాయలకు ఖర్చు కాకూడదు. తోసుకెళ్లే బండి కొనాలనిపిస్తే చిన్న చక్రాల మడత రకం వద్దు, డ్రైనేజీ మూతల సందుల్లో ఇరుక్కుని ముందుకు పల్టీ కొడుతుంది. నర్సరీ పిల్లకు బ్యాగు కూడా అక్కర్లేదు. 2020 జాతీయ స్కూల్ బ్యాగ్ విధానంలోనే పూర్వ ప్రాథమిక పిల్లలకు బ్యాగు వద్దని ఉంది. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, ఒక జత బట్టలు పెద్దవాళ్ల సంచిలో పడతాయి.

వానాకాలంలో ఒక్కటే నియమం. రోడ్డు మీద నీళ్లు నిలిచి అడుగు కనిపించకపోతే నడవొద్దు. నీళ్లు పోవడానికి మ్యాన్‌హోల్ మూతలు తీసేసే అలవాటు మన నగరంలో ఉంది. నర్సరీకి ఫోన్ చేసి, నీళ్లు తగ్గాక వస్తామని చెప్పండి. గంట ఆలస్యమైతే ఏమీ కాదు.

ఇక బాబు ఆటో. తొమ్మిదిమంది ఎక్కే ఆటోలో బిడ్డను ఎక్కించొద్దు. ఎలా కూర్చుంటారో ఒకసారి తలచుకోండి. వెనక సీటులో నలుగురు, డ్రైవర్ వెనక బిగించిన చెక్క మీద ముగ్గురు, డ్రైవర్‌కు చెరోపక్క ఒక్కొక్కరు. పక్కన కూర్చున్న పిల్లవాడు హ్యాండిల్ తిరిగే చోటునే ఆక్రమిస్తాడు. గబుక్కున పక్కకు తిప్పాల్సి వస్తే డ్రైవర్ మోచేయి ఆడదు. బ్రేకు పడితే వాడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ముందుకే పోతాడు. పైగా ఆటోకు ముందు ఒక్క చక్రమే. బరువు పెరిగి, ఒక పక్కకు ఒరిగి, మలుపులో వేగం తగ్గకపోతే బోల్తా పడుతుంది. బ్యాగులు బయట కొక్కేలకు వేలాడదీస్తే బండి వెడల్పు రెండువైపులా పెరుగుతుంది, పక్కన వెళ్లే బైకు హ్యాండిల్ వాటికి తగులుకుంటుంది.

డ్రైవర్‌తో గొడవపడి లాభం లేదు, ఆయనకూ ఇల్లు గడవాలి. లెక్క మార్చి చూపించండి. తొమ్మిదిమంది 1,200 చొప్పున ఇస్తే ఆయనకు నెలకు 10,800 వస్తోంది. ఆరుగురు 1,800 చొప్పున ఇచ్చినా అదే 10,800. మీ వీధిలో ఇంకో ఐదు ఇళ్లవాళ్లను కూడగట్టుకుని ఒక మాట మీద వెళ్లండి. మీకు నెలకు పెరిగేది 600. ఉదయం కూడా బాబు ఆటోలోనే వెళ్తే ఇంకొంత పెరగొచ్చు, అయినా కారు కిస్తీ దగ్గరకు కూడా రాదు. ఆరుగురికి మించకూడదు, నలుగురైదుగురైతే మరీ మంచిది. డ్రైవర్ పక్కన ఎవ్వరూ కూర్చోకూడదు. కుడివైపు మొత్తం కడ్డీలైనా జాలీ అయినా వేసి మూసేసి ఉండాలి. ఎడమవైపు కొక్కెం పడే అడ్డకడ్డీ ఉండాలి. బ్యాగులు లోపల సీటు వెనక పెట్టాలి. తెలంగాణలో 2017 ఉత్తర్వు ప్రకారం ఒకటి, రెండు తరగతుల బ్యాగు కిలోన్నర దాటకూడదు. అది పాటిస్తే ఆరు బ్యాగులూ లోపలే పడతాయి.

మాట్లాడుకునేటప్పుడే కొన్ని తేల్చుకోవాలి, తర్వాత అడిగితే మాట మారుతుంది. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలైతే మధ్యాహ్నం పన్నెండున్నరకు వస్తారా? ఆ టైముకు ఆయనకు వేరే బడి ట్రిప్పు ఉంటుంది, అందుకే ఏటా మార్చిలో ఇదే పేచీ. ఏప్రిల్‌లో మూడు వారాలే బడి ఉంటే నెల మొత్తం ఇవ్వాలా? మే నెల డబ్బు సంగతేమిటి? ఆయన రాలేని రోజు ఎవర్ని పంపుతారు, ఆ మనిషి ఫోన్ నంబరు, ఫొటో మీకు ముందే ఇస్తారా? ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఆరు ఇళ్లవాళ్లూ ఫొటో తీసి పెట్టుకోండి.

ఎవరైనా ఓమ్ని వ్యాన్ గురించి చెప్తే ముందు నంబరు ప్లేటు చూడండి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది సొంత వాడకానికి తీసుకున్న బండి, కిరాయికి పిల్లల్ని ఎక్కించకూడదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర అదే అడ్డం పడుతుంది. కిరాయి బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు, ఎలక్ట్రిక్ ఆటో అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు గడువులు కనిపిస్తాయి. రెండు నిమిషాల పని, సిగ్గుపడకుండా చేయండి.

బడి బస్సు ఉంటే, డబ్బు కాస్త ఎక్కువైనా ఆటో కన్నా అదే మేలని మా అభిప్రాయం. కానీ రూటులో మీ స్టాపు ఎన్నోదో అడగండి. మొదటి స్టాపు అయితే రెండున్నర కిలోమీటర్లకు బాబు ముప్పావుగంట బస్సులో తిరుగుతాడు. బస్సులో డ్రైవర్ కాక ఇంకో మనిషి ఉండాలి. ఆ మనిషి దిగి పిల్లల్ని చెయ్యి పట్టి ఎక్కించుకుంటున్నారా, లోపలే కూర్చుని పిలుస్తున్నారా అన్నది ఒక ఉదయం బడి దగ్గర నిలబడి చూడండి. మన రెండు రాష్ట్రాల్లోనూ స్కూలు బస్సుల ఫిట్‌నెస్ గడువు మే 15తో ముగుస్తుంది, బడి తెరిచేలోపు కొత్తది తీసుకోవాలి. జూన్ మొదటి వారంలో అది అడగడం మీ హక్కు.

బస్సయినా ఆటోయినా, అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. దయచేసి ఈ భాగం అత్తయ్యగారికి చదివి వినిపించండి. అన్నను ఎక్కించడానికో దించుకోవడానికో అమ్మమ్మతోనో నానమ్మతోనో వచ్చిన చిన్నబిడ్డ, పెద్దవాళ్లు బ్యాగు అందుకునే రెండు క్షణాల్లో బస్సుకు ఎదురుగా వెళ్లి నిలబడుతుంది. ఎత్తైన సీటులో కూర్చున్న డ్రైవర్‌కు బంపర్ ముందు నిలబడ్డ మూడడుగుల బిడ్డ కనిపించదు. పిల్లలంతా దిగారనుకుని ఆయన బండి కదిలిస్తాడు. మన ఊళ్లలో ఇలా ఎన్ని ఇళ్లు చీకటైపోయాయో పేపరు చదివేవాళ్లకు తెలుసు. కాబట్టి బండి వచ్చే వేళకు పాప చంకలో ఉండాలి, లేదా గేటు లోపల ఉండాలి. చెయ్యి పట్టుకుంటే చాలదు, రెండో చేత్తో బ్యాగు తీసుకోగానే ఆ చెయ్యి వదులుతుంది. బాబు దిగాక బండికి దూరంగా పది అడుగులు వెళ్లి నిలబడి, బండి వెళ్లిపోయాకే రోడ్డు దాటాలి. బండి ముందు నుంచి ఎప్పుడూ దాటకూడదు. కింద ఏదైనా పడితే వంగి తీసుకోకూడదని, ముందు డ్రైవర్‌కు చెప్పాలని బాబుకు నేర్పండి.

మీ ఇంట్లో ఇంకో చిక్కు కూడా వస్తుంది. బాబు మూడున్నర, నాలుగు మధ్య వచ్చే వేళకు పాప నిద్రలో ఉంటుంది. అత్తయ్యగారు పాపను వదిలి వీధి చివరకు వెళ్లలేరు, నిద్రలో ఎత్తుకెళ్లలేరు. బాబును ఇంటి గేటు ముందే దించాలన్నది ఆటో ఒప్పందంలో మొదటి మాటగా పెట్టండి. ఇంటి వైపే దించాలి, ఎదుటివైపు కాదు.

ఇప్పుడు స్కూటీ. ఇద్దర్నీ ఎక్కించుకోవాలంటే భయంగా ఉందన్నారు, ఆ భయం సరైనదే. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం రెండు చక్రాల బండి మీద నడిపేవాళ్లు కాక ఒక్కరే ఉండాలి, అదీ వెనక సీటులో. పిల్లలు కదా అన్న మినహాయింపు లేదు. కేరళ 2023లో అడిగినా కేంద్రం ఒప్పుకోలేదు. తప్పితే 194సి కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. కానీ జరిమానా కన్నా పెద్ద కారణం వేరే ఉంది. ముందు నిలబడ్డ బిడ్డకూ హ్యాండిల్‌కూ మధ్య ఏమీ ఉండదు, వెనక మీ బరువు ఉంటుంది. బ్రేకు పడితే బిడ్డ మీకు మెత్తలా అడ్డం పడతాడు, ముఖం మీటరుకు కొట్టుకుంటుంది. ఆరేళ్ల వాడి తల మీ చూపుకే అడ్డం. ఇంకా మామూలుగా జరిగేది ఏమిటంటే, బండి ఆగి ఉండగా, ఇంజను ఆన్‌లో ఉండగా, పిల్లవాడు ఆటగా యాక్సిలేటర్ తిప్పుతాడు. స్కూటీకి గేర్లు లేవు, బండి ఎగిరి ముందుకు పోతుంది.

ఆటో రాని రోజు బాబు ఒక్కడే స్కూటీ మీద వెనక కూర్చుంటాడు, పాప నానమ్మతో నడుస్తుంది. ఎక్కేముందు తాళం తిప్పి ఇంజను ఆపండి. ముందు మీరు కూర్చుని రెండు కాళ్లూ నేలకు ఆనించండి, తర్వాత బాబు ఎడమవైపు నుంచి ఎక్కాలి. దిగేటప్పుడు ముందు బాబు, మళ్లీ ఎడమవైపే. కుడివైపు సైలెన్సర్ ఉంటుంది, పిల్లల పిక్కల మీద కాలిన మచ్చలన్నీ దానివే. చున్నీ భుజాల మీద వదిలేయకుండా నడుముకు కట్టుకోండి. వెనక చక్రానికి చీర గార్డు ఊడిపోయి ఉంటే వేయించండి. అది బట్ట కోసమే కాదు, వెనక కూర్చున్న పిల్లల పాదం చక్రంలో పడకుండా కూడా ఆపుతుంది.

పాపను అవసరం పడి ఎప్పుడైనా తీసుకెళ్లాల్సి వస్తే ఇంకా ఉంది. 2023 ఫిబ్రవరి 15 నుంచి, తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్‌తో పాటు నడిపేవాళ్లకు కలిపి కట్టే సేఫ్టీ బెల్టు తప్పనిసరి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. సందుల్లో 20 చాలు. బెల్టు 30 కిలోల బరువు ఆపగలగాలి, లోపల ఫోమ్ ఉండాలి. నడుముకు ఒక్క పట్టీ ఉండేది కొనకండి. పిల్లకు చొక్కాలా తొడిగేదై, దాని పట్టీలు మీ రెండు భుజాల మీదుగా వచ్చేదై ఉండాలి. చొక్కా ఇంట్లోనే తొడగండి. మీరు, తర్వాత పాప కూర్చున్నాక ఇంకొకరి చేత మీ భుజాల పట్టీలు బిగింపించుకోండి. దిగేటప్పుడు మొదట పట్టీలు విప్పాలి. తొందరలో ఇది మరిచి మీరు దిగితే బిడ్డ మీతో పాటు కిందికి లాగబడుతుంది. బెల్టు ఉన్నా మధ్యాహ్నం నిద్రవేళకు పాపను బండి ఎక్కించకండి, తల పక్కకు వాలితే బండి బ్యాలెన్సు పోతుంది.

హెల్మెట్ నాలుగేళ్లు దాటిన అందరికీ చట్టప్రకారం కావాలి, బాబుకు కూడా. కనుబొమలకు కాస్త పైన టేపు చుట్టి తల కొలత సెంటీమీటర్లలో రాసుకుని వెళ్లండి. పిల్లవాడిని తీసుకెళ్తే ఇంకా మంచిది. ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ 4151 అని, కింద లైసెన్సు నంబరు ఉండాలి. పెట్టాక పట్టీ బిగించకుండా తల ఊపమనండి. హెల్మెట్ కదిలితే నుదుటి చర్మం కూడా దాంతో కదలాలి, హెల్మెట్ ఒక్కటే జారితే అది పెద్దది. వచ్చే ఏటికి కూడా వస్తుందని సైజు పెంచి కొనడం బట్టలకు చెల్లుతుంది, దీనికి చెల్లదు. గడ్డం కింద పట్టీలో ఒక్క వేలు పట్టాలి. పాపకు పైకి రెండు పిలకలు వేస్తే హెల్మెట్ సరిగా కూర్చోదు, ఆ రోజు జడ మెడ దగ్గర వేయండి, క్లిప్పులు తీసేయండి.

ఆర్టీసీ బస్సును కూడా మరిచిపోవద్దు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మహిళలకు, ఆడపిల్లలకు ఉచితం. మీకూ పాపకూ జీరో టికెట్, బాబుకు అర టికెట్. ఆధార్ దగ్గర ఉంచుకోండి. ఎనిమిదిన్నర రద్దీలో ఇద్దరు పిల్లలతో రోజూ ఎక్కడం మంచిది కాదు. కానీ ఆటో, స్కూటీ రెండూ లేని రోజు బాబుతో మీరొక్కరే వెళ్లడానికి పనికొస్తుంది. ఎక్కేటప్పుడు పిల్లవాడు ముందు, దిగేటప్పుడు మీరు ముందు.

ఇలా చేస్తే మీ ఉదయం ఇలా కుదురుతుంది. ఎనిమిది పదిహేనుకు బాబు ఆటో. ఎనిమిదిన్నరకు పాపతో మీరు నడక. తొమ్మిదిలోపు దింపి, తొమ్మిదింపావుకు ఇంటికి. అక్కడి నుంచి స్కూటీ మీద షాపుకు. మొదటి రెండు వారాలు పాప ఏడుస్తుంది కాబట్టి పది నిమిషాలు ముందు బయల్దేరండి. ఆ పది రోజులు కాస్త ఆలస్యంగా వస్తానని షాపులో ఇప్పుడే చెప్పుకోండి.

నర్సరీలో చేర్చే రోజే పాపను తీసుకెళ్లడానికి ఎవరెవరు వస్తారో రాసివ్వండి. మీరు, మీవారు, అత్తయ్యగారు, నమ్మకమైన పొరుగామె ఒకరు. నలుగురి ఫొటోలు, ఫోన్ నంబర్లు ఇవ్వండి. మీకు ఫోన్ చేయకుండా ఐదో మనిషి చేతికి బిడ్డను ఇవ్వొద్దని కాగితం మీదే రాయండి. ఆ నలుగురి నంబర్లు, ఆటో డ్రైవర్ నంబరు, బాబు బడి, పాప నర్సరీ నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. అత్తయ్యగారికి కళ్లజోడు లేకుండా కనిపించేంత పెద్దగా రాయాలి.